దొడ్డు మాట, సన్న మాట

రిటైరైన తర్వాతన్నా ఇంగ్లీషు నన్ను వదిలిపెడుతుందనుకున్నాను. వదల్లేదు. నిజామాబాద్ బస్టాండు దగ్గరి సందులో పోటీ పరీక్షల గైడ్లు అమ్మే ఒకాయన ఉన్నాడు, నా పాత శిష్యుడే. ఒకరోజు దారిలో పట్టుకున్నాడు. "సార్, మీరు ఖాళీగనే ఉన్నరు గద. ఇంగ్లీషు విశేషణాల మీద ఒక చిన్న బుక్కు రాసియ్యిండ్రి. ఒక్కొక్క మాటకు తెలుగుల అర్థం, ఒక ఉదాహరణ. పిలగాండ్లు మస్తు అడుగుతున్నరు" అన్నాడు. ఖాళీగా ఉన్నానన్న మాట కొంచెం గుచ్చుకుంది. అయినా ఒప్పుకున్నాను. వద్దని చెప్పడానికి కూడా ఓపిక కావాలి.

మంచితనం, తెలివి, కోపం, అందం, ఈ అధ్యాయాలన్నీ ఎలాగో నడిచిపోయాయి. మొరటుతనం దగ్గరికి వచ్చేసరికి బండి దిగబడింది.

కోర్స్, రఫ్, క్రూడ్, గ్రాస్, వల్గర్, రూడ్, బూరిష్, రస్టిక్. ఇంకా ఉన్నాయి. నాజూకు మనిషని పేరు పడ్డ ఇంగ్లీషువాడికి మొరటుతనం గురించి ఇన్ని మాటలెందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. కాలేజీలో వీటిని వరసగా బోర్డు మీద రాస్తే వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు ప్రతి ఏడూ అదే అడిగేవాడు. "అన్ని ఒక్కటే గద సార్, ఏదన్న ఒకటి రాస్తే మార్కులియ్యరా?" ఇస్తారు. ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక్కటి కాదురా అని చెప్పీ చెప్పీ గొంతు పోయిందే తప్ప ఆ బెంచీ మాత్రం మారలేదు.

ఇప్పుడు వీటికి వేరు వేరు తెలుగు మాటలు రాయాలి. నిఘంటువు తీస్తే సగానికి పైగా మాటల ఎదురుగా 'మొరటు, అనాగరికమైన' అనే ఉంది. దాన్ని రాసిన పెద్దమనిషి కూడా ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి నాలాగే అలసిపోయి ఉంటాడు.

సరేనని దాన్ని మూసేసి మావైపు బతుకులో వెతుక్కున్నాను. కోర్స్ అంటే దొడ్డు. దొడ్డు బియ్యం, దొడ్డుప్పు. గింజ లావు, అంతకుమించి దాని తప్పేమీ లేదు. పైగా దొడ్డు బియ్యం అన్నం తింటే నాట్లేసే మనిషికి సాయంత్రం దాకా ఆకలి కాదు. రఫ్ అంటే గరుకు. బోధన్ వైపు చెరుకు తోటల మధ్య పుట్టినవాణ్ణి, ఆ మాట నాకు చేతులతో తెలుసు. చెరుకు ఆకు మీద చెయ్యి ఒకవైపు జారుతుంది, తిరగేసి లాగితే కోస్తుంది. క్రూడ్ అంటే ముడి, ఇంకా కాగనిది. బెల్లం వండేచోట కడాయిలో పోసిన పచ్చి రసం లాంటిది, తీపి ఉంటుంది గానీ నలకలు గొంతులో పడతాయి. గ్రాస్ అన్న మాట మా ఊళ్లో చదువు రాని రైతుకు కూడా తెలుసు. చెరుకు ఫ్యాక్టరీ దగ్గర బండి కాంటా ఎక్కినప్పుడు చెరుకూ ఆకూ మట్టీ బండీ అన్నీ కలిపి వచ్చే మొదటి తూకం అది. ఏదీ వేరు చేయని మనిషిని కూడా ఇంగ్లీషువాడు అదే మాటతో తిడతాడు.

వల్గర్ అంటే మొదట్లో పదిమందికీ చెందినది అనే అర్థమట. బూర్ అంటే సేద్యం చేసుకునేవాడట. రస్టిక్ అంటే పల్లెది. ఈ పుట్టుపూర్వోత్తరాలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది. పదిమందిలో మనిషి, పొలంలో మనిషి, పల్లెలో మనిషి, ముగ్గురూ దొరగారికి తిట్లకే పనికొచ్చారు. ఇప్పుడేమో హైవే పక్క హోటళ్లవాళ్లు మట్టి చిప్పలో పప్పు పోసి 'రస్టిక్' అని బోర్డు పెట్టి రెట్టింపు తీసుకుంటున్నారు.

రూడ్ మాత్రం వేరే జాతి. దానికి గరుకుతనంతో పని లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెత్తటి గొంతుతో, తల కూడా పైకెత్తకుండా 'తర్వాత రండి' అనేవాడు రూడ్. పింఛను పని మీద తిరిగిన రోజుల్లో అలాంటివాళ్ల నడినెత్తులు చాలా చూశాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఉదాహరణలు రాద్దామని కూర్చుంటే మాత్రం ప్రతి వాక్యంలోకీ మా అక్క వచ్చి కూర్చునేది.

అక్క నాకంటే పెద్దది. చందూర్ పక్కన ఒక ఊరికిచ్చారు, ఇద్దరు కొడుకులు, వరి సేద్యం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అక్క నోరు మంచిది కాదు, ఊరు మాత్రం ఆమె చేతిలోనే ఉంటుంది. బర్రెను తిడుతుంది, బస్సు కండక్టరును తిడుతుంది, వాన రాకపోతే దేవుణ్ణి పేరు పెట్టి తిడుతుంది. చిన్నప్పుడు నన్ను పేరుతో పిలిచినట్టు గుర్తు లేదు. చీమిడిముక్కోడా అనేది, సచ్చినోడా అనేది. 'తిన్నవారా సచ్చినోడా' అంటే అన్నం తిన్నావా అని అర్థం. నాకు జ్వరమొస్తే తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ 'నీ జరంల మన్నువొయ్య, నాకు రాకపాయె' అని కళ్లనీళ్లు పెట్టుకునేది. నాకు ఉద్యోగమొచ్చి, ఊళ్లోవాళ్లు నన్ను సారూ అనడం మొదలుపెట్టాక ఆ పేర్లన్నీ పోయాయి. 'తమ్మీ' అనసాగింది. మర్యాద పెరిగిందనుకున్నాను.

ఆ అక్క శ్రావణమాసంలో ఫోన్ చేసింది. చిన్న కోడలి గురించి.

చిన్న కొడుక్కి నిరుడు పెళ్లయింది. పిల్లది నిజామాబాదే, డిగ్రీ చదివింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు కదా, అందుకని పుట్టింటికి వచ్చింది. ఆషాఢం పోయింది, శ్రావణం కూడా సగం దాటింది, పిల్ల తిరిగి పోలేదు. మొగుడు వచ్చి పిలిస్తే వస్త అంటుందట, బయలుదేరదట.

"తమ్మీ, జర నువ్వు పోయి అడుగు. సదువుకున్నోళ్ల ముచ్చట నీకు తెలుస్తది. మీ బావ పెద్దమనుషులల్ల పెడ్తా అంటుండు. నేనే ఆపుతున్న. నేను ఆ పిల్లను ఒక్క గట్టి మాటనలే తమ్మీ. నా కొడుకుల మీద ఒట్టు."

నమ్మలేదు. అక్క గట్టి మాట అనకుండా ఉండడమంటే గోదారి ఎగువకు పారడమే. కానీ పెద్దమనుషుల దాకా పోయిన సంసారాలను చాలా చూశాను, అతికినా అతుకు కనబడుతూనే ఉంటుంది. మోకాళ్లు నొస్తున్నా, వాన ముసురు పట్టి ఉన్నా, గొడుగేసుకుని బయలుదేరాను.

దారి పొడవునా వకీలు లాగా వాదన తయారు చేసుకున్నాను. మా అక్క మాట కోర్స్, వల్గర్ కాదు. రఫ్, రూడ్ కాదు. ఇన్నేళ్ల చదువు ఇవాళ ఒక కాపురం నిలబెట్టడానికన్నా పనికొస్తుందనిపించింది. పిల్ల పుట్టింటి మెట్లెక్కేసరికి ఆయాసంతో సగం మరిచిపోయాను.

పిల్ల తల్లి చాయ్ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది. మంచి మనిషే, ముఖం మాత్రం పీక్కుపోయి ఉంది. "అన్నా, మా పిల్ల నోరు తెరుస్తలేదు. మీ అక్క మాట తీరు ముందే మాకు చెప్పిండ్రు. అందుకే ఖాయం చేసుకున్ననాడే ఆమెతోటి అన్న. మా పిల్లను మేము ఒక్క మాటనలేదు, గట్టి మాట పడది, జర సూసుకోండ్రి అని. సరేనని చేతుల చెయ్యి వేసింది. ఆఖరికి గిట్లనే అయ్యె."

నేను గొంతు సవరించుకున్నాను. "మా అక్క మాట దొడ్డుదమ్మా. చెడ్డది కాదు. లోపల..."

"అత్తమ్మ నన్ను ఏమంటలేదు మామయ్యా" అంది పిల్ల. అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తోంది.

"మరి ఎందుకు పోవమ్మా?"

"అదే. ఏమంటలేదు."

తల్లీ నేనూ ముఖాలు చూసుకున్నాం. పిల్ల వచ్చి నేలమీద కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు.

"ఒకనాడు పప్పుల ఉప్పు రెండుసార్లేసిన. నాకే నోట్ల పెట్టరాలే. అత్తమ్మ పళ్లెం ఖాళీ చేసింది. 'మంచిగున్నదమ్మా' అన్నది. అందరు అట్లనే తిని లేసిండ్రు. గదే పని మా యారాలు, పెద్దకోడలు చేస్తే, 'ఏమే గాడ్ది, ఉప్పు మీ నాయిన ఉత్తగనే పంపిండానే' అని ఇల్లు లేవనూకుతది. మళ్ల ఇద్దరు కలిసి నవ్వుకుంటరు. నేను వంటింట్లకు పోంగనే ఆ నవ్వు ఆగిపోతది. 'నువ్వెందుకమ్మా, పోయి ఫ్యాను కింద కూసో' అంటది. చెంబుతోటి నీళ్లిస్తది. చుట్టాలకిచ్చినట్టు. ఏడాదిసంది ఫ్యాను కిందనే కూసున్న మామయ్యా. ఇంటిదాన్ని ఎప్పుడైతనో తెలుస్తలేదు."

పిల్ల ఏడవలేదు. తల్లే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నా విశేషణాలన్నీ చల్లారిన చాయ్ పక్కన పడి ఉన్నాయి. అక్క నిజమే చెప్పింది. మాట ఇచ్చిన రోజు నుంచీ ఇంట్లో అందరికీ చెప్పి ఉంటుంది, చిన్నకోడలి ముందు నోరు జాగ్రత్త అని. ఏడాది పొడుగునా నాలుక కరుచుకుని బతికింది. ఈ పిల్ల పక్కగదిలో కూర్చుని పెద్దకోడలికి పడే తిట్లు వింటూ కుళ్లుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"నేను తిట్టాల్నా? ఆ పిల్లనా?" అంది. "తిడ్తే పోతదని వాళ్లమ్మ చెప్పె. తిట్టకపోతే పోయిందని నువ్వు చెప్పవడ్తివి. నన్నేం జెయ్యమంటవ్ తమ్మీ. ఆ పిల్ల ముందట నాకు నోరు లేస్తలేదు. భయమైతది."

పాముల్ని కట్టెతో ఎత్తి అవతల పారేసే మనిషి నోట భయమన్న మాట వినడం నాకు అదే మొదలు. తిట్టమని సలహా ఇవ్వొచ్చు గానీ, చెబితే తిట్టే తిట్టు నాటకంలో తిట్టు లాగా ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మర్నాడు మళ్లీ పోయి పిల్లను బతిమాలాను. నాట్లు పడుతున్నాయి, ఒక్కసారి వచ్చి కనబడిపో అన్నాను. కాసేపు ఆలోచించి సరేనంది. "ఊకె చూసొస్త మామయ్యా. బట్టలు తెచ్చుకుంట లేను" అంది. ఆ మాట వాళ్లమ్మ విని తల దించుకుంది. సాయంత్రం బస్సుకు ఈ పిల్ల నాతో తిరిగి వచ్చిందంటే ఆ తర్వాత మాట్లాడేది పెద్దమనుషులే అని మా ముగ్గురికీ తెలుసు.

అక్క ఊరికి పోయే వర్ని బస్సులో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ముసురు విడిచి ఎండ కాస్తోంది, దారికి రెండు పక్కలా వరి. నా చిన్నప్పుడు మావైపు ఇదే కాలంలో మనిషెత్తు చెరుకు ఉండేది, ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, చెరుకూ లేదు. నాకు కునుకు పట్టింది. లేచేసరికి పిల్ల నా గొడుగు పట్టుకుని దిగడానికి సిద్ధంగా ఉంది.

ఇంటి దగ్గర ఎవరూ లేరు, అందరూ పొలంలో ఉన్నారు. ఒడ్డు మీద నడుస్తుంటే దూరం నుంచే అక్క గొంతు వినబడింది, ఎవరినో తిడుతోంది. మేము దగ్గరికి రాగానే ఆగిపోయింది. నాటేసే ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. అక్క గబగబా గట్టెక్కి, చేతులు కడుక్కుని, గ్లాసును కొంగుతో తుడిచి నీళ్లు పోసింది.

"వచ్చినవా అమ్మా. ఎండలెందుకొచ్చినవ్, ఇంటికాడ కూసుందువు గద" అంది.

పిల్ల ముఖం చిన్నబోయింది. గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. కిందపెట్టి, చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది. "నేను గూడ ఏస్త" అంది.

"వద్దమ్మా, జలగలుంటయి" అంటూనే ఉంది అక్క. ఈలోపే పిల్ల మడిలోకి దిగింది. పట్నం కాళ్లు. బురద మోకాళ్ల దాకా పట్టి లాగేసరికి నాలుగడుగులు కూడా వేయలేదు, వెనక్కి పడింది. పడ్డది కూడా ఉత్త బురదలో కాదు. పొద్దున్నుంచి వేసిన నాటు మీద, వరసలు వరసలుగా చదును చేస్తూ.

"ఓ నీ మొఖం మన్నువడ" అంది అక్క. "కండ్లు యాడ వెట్టినవే. పొద్దటిసంది నడుములిరగ ఏస్తే దున్నపోతు లెక్క పొర్లుతున్నవ్. లేస్తవా, వచ్చి నీ వీపు వగలగొట్టాల్నా?"

నాటేసే చేతులన్నీ ఆగిపోయాయి. అక్కకు అప్పుడు తెలిసింది తానేమందో. బురద చెయ్యి అలాగే నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మూతి నిండా మట్టి. ఆమె ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు, మా నాయన పోయిన రోజు కూడా చూడలేదు.

పిల్ల బురదలో కూర్చునే తలెత్తి చూసింది.

"కండ్లు నీ కొడుకు ఎత్తుకపోయిండత్తా" అంది. "గట్ల సూస్కుంట నిలవడతవేంది, చెయ్యియ్యి."

ముందు పెద్దకోడలు పక్కున నవ్వింది. తర్వాత వరస మొత్తం నవ్వింది. అక్క మడిలోకి దిగి, పిల్లను రెట్ట పట్టి లేపి, లేపినంతసేపూ తిట్టింది. ఆ తిట్లు నా పుస్తకంలో ఏ మాట కిందా పట్టవు, అచ్చు వేసేవాడూ ఒప్పుకోడు. తిడుతూనే కొంగుతో పిల్ల ముఖం తుడిచింది, కొంగుకున్న బురద ముఖానికంటింది, అది చూసి మళ్లీ తిట్టింది. మధ్యలో ఏడ్చింది కూడా. పిల్ల ఆమె భుజం పట్టుకుని నిలబడి ఒక్కొక్క తిట్టుకూ తలూపుతూ నవ్వుతోంది. పంపు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, పెద్దకోడలు తెచ్చిన పాత చీర కట్టుకుని వచ్చి నాతో అంది, "మామయ్యా, అమ్మకు చెప్పు. నా బట్టల బ్యాగు పంపియ్యమని."

నాకు నిజంగా సంతోషమైంది. ఆ సంతోషంలో ఇన్నాళ్ల అలసట కొంచెం దిగినట్టే అనిపించింది. పంపుషెడ్డులోంచి ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేపచెట్టు కింద వేశారు. "తమ్మీ, నువ్వు నీడకు కూసో" అంది అక్క. కూర్చున్నాను. గ్లాసు తుడిచి నీళ్లిచ్చింది. తాగాను. అక్కడ అందరూ బురదలో ఉన్నారు, ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు. నేను తెల్లచొక్కాతో, బూట్లతో కుర్చీలో ఉన్నాను. ఇక్కడ ఫ్యాను ఒక్కటే తక్కువ అనిపించింది. ఆ పిల్ల ఏడాది కూర్చుంది, నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ కూర్చునే ఉన్నాను.

బస్సు వేళైందని లేచాను. ఒడ్డు మీద నాటుకు తెచ్చిన నారు కట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. పక్కన నడవడానికి చోటుంది. అక్క నావైపే చూస్తోంది. బూటుకాలు ఎత్తి ఒక కట్ట మీద వేశాను. కావాలనే వేశాను. పచ్చి నారు కాలి కింద నలిగి చప్పుడైంది.

అక్క కట్టను చూసింది, నన్ను చూసింది. ఆమె పెదవులు కదిలాయి. అరవై దాటిన ముసలివాణ్ణి, చిన్నపిల్లాడి లాగా నిలబడి ఎదురుచూశాను. ఒక్క చీమిడిముక్కోడా చాలు. ఒక్క సచ్చినోడా చాలు.

"పర్వాలేదు తమ్మీ" అంది అక్క. "పైలంగ పో, బూట్లు ఖరాబైతయి."

వంగి ఆ నలిగిన కట్టను తీసుకుని, వేళ్లు దులిపి సరిచేసి, మడిలోకి తిరిగింది. నాటు దూరం దూరం వేస్తున్నందుకు చిన్నకోడలిని అందుకుంది. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డంతసేపూ ఆ తిట్లు నాకు వినబడుతూనే ఉన్నాయి.